బస్తా దించేస్తే ఎవరికి నష్టం?

తెల్లవారుజామున విశాఖ పూర్ణా మార్కెట్ సందుల్లో నడవాలంటే పక్కకు తప్పుకోవడం తెలియాలి. ఉల్లిపాయల లారీ, బంగాళాదుంపల లారీ, పప్పుల బస్తాల వ్యాను, అరటిగెలల బండి ఒకదాని వెనక ఒకటి ఆగి ఉంటాయి. తలకు తువ్వాలు చుట్టుకున్న కళాసీలు నడుం వంచి బస్తా వీపుకెత్తుకుని, ఎదురొచ్చేవాళ్లను కేకతోనే తప్పిస్తూ కొట్లలోకి పరుగులాంటి నడకతో వెళ్తుంటారు. ఎండెక్కేలోపు సరుకు కొట్టు చేరాలి. చిల్లర వర్తకుడి ఆటో గాజువాకకో మధురవాడకో కదలాలి. ఒక్క పూట ఈ వీపులు వంగకపోతే లారీకి ఆగిన కిరాయి పడుతుంది, ఆకుకూర వాడిపోతుంది, కింది బుట్టల్లో టమాటా చితికిపోతుంది. మధ్యాహ్నానికే నష్టం కళ్లకు కడుతుంది. అదే మధ్యాహ్నానికి కళాసీ ఇంట్లోనూ ఆ రోజు కూలి ఉండదు.

సమ్మె గురించి మన మాటలు ఎప్పుడూ న్యాయమా, అన్యాయమా అన్నచోటే తిరుగుతాయి. నా మటుకు నాకు, అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. పని ఆగితే మొదట ఎవరి జేబు ఖాళీ అవుతుంది? ఎవరు ఎన్నాళ్లు ఓర్చుకోగలరు? నల్లబ్యాడ్జీ దగ్గర్నుంచి నిరవధిక సమ్మె దాకా నిరసన రూపాలన్నీ ఈ లెక్కలోంచి పుట్టినవే. బయటి నుంచి చూసేవాళ్లకు ఆవేశం కనిపిస్తుంది. లోపల సంఘం సమావేశంలో జరిగేది మాత్రం ఇంటి అద్దె, పిల్లల ఫీజు, అప్పు వాయిదాల లెక్క.

ఈ లెక్కలన్నీ ఒక్కచోట కనిపించే ఊరు విశాఖపట్నం. 1933లో తెరుచుకున్న ఓడరేవు, 1948లో 'జల ఉష' ఓడను నీళ్లలోకి దింపిన షిప్‌యార్డు, రైల్వే డివిజన్, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, ఊరి చెత్త ఎత్తే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కార్మికులు, పాతనగరం నడిబొడ్డున పూర్ణా మార్కెట్. పని తీరును బట్టి పోరాటం తీరు ఎలా మారుతుందో తెలుసుకోవడానికి ఈ ఊరు దాటి వెళ్లక్కర్లేదు.

ఒకే బరువు, రెండు బతుకులు

పూర్ణా మార్కెట్‌కూ ఓడరేవుకూ మధ్య దూరం ఎంతో లేదు. ఒకప్పుడు రెండుచోట్లా పని ఒకటే, బరువు మోయడం. రేవు కూలీ బతుకు కూడా ఏ రోజుకారోజే. ఓడ వస్తే కూలి, రాకపోతే పస్తు. పొద్దున్నే గేటు దగ్గర గుమిగూడిన వాళ్లలో మేస్త్రీ ఎవరిని పిలిస్తే వాళ్లకే ఆ పూట పని. దేశంలోని పెద్ద రేవులన్నిటా ఇదే తంతు నడిచింది. దాన్ని ఆపడానికి 1948లో డాక్ కార్మికుల ఉపాధి నియంత్రణ చట్టం వచ్చింది. దాని కింద పెద్ద రేవుల్లో డాక్ లేబర్ బోర్డులు ఏర్పడ్డాయి. విశాఖ బోర్డు కూడా అలా వచ్చిందే. తర్వాత అది పోర్టులో కలిసిపోయింది. పేరు నమోదైన కార్మికుడికి వంతు ప్రకారం పని దొరికింది. పనికొచ్చి ఓడ లేక వెనుదిరిగిన రోజుకు హాజరు డబ్బు అందింది. ప్రావిడెంట్ ఫండ్ వచ్చింది.

ఇవి సంక్షేమం కింద చదువుకునే విషయాలుగా కనిపిస్తాయి గానీ, వీటితో పాటు రేవు కార్మికుడి చేతికి మరొకటి అందింది. అదే మెట్లమెట్లుగా పోరాడే వీలు. పేరు రిజిస్టరులో ఉన్నవాడు ముందు నల్లబ్యాడ్జీ పెట్టుకుని పనిచేయగలడు. ఓవర్‌టైమ్ చేయనని చెప్పగలడు. గేటు దగ్గర భోజన విరామంలో ధర్నా చేసి మళ్లీ పనిలోకి వెళ్లగలడు. ఒక షిఫ్టు ఆపగలడు. ఇవేవీ ఫలించకపోతేనే నిరవధిక సమ్మె. ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య యాజమాన్యం ఆలోచించుకోవడానికి సమయం ఉంటుంది, కార్మికుడు జీతం పోగొట్టుకోకుండా నిలబడటానికి వీలుంటుంది.

2024 ఆగస్టులో జరిగింది గుర్తుచేసుకుందాం. వేతన ఒప్పందం గడువు తీరి రెండేళ్లు దాటినా కొత్తది కుదరకపోవడంతో విశాఖ సహా దేశంలోని ప్రధాన రేవుల కార్మిక సంఘాలు ఆగస్టు 28 నుంచి నిరవధిక సమ్మె అని ప్రకటించాయి. 27న ఒప్పందం కుదిరింది. 8.5 శాతం పెంపు, 2022 జనవరి నుంచి 2026 డిసెంబరు దాకా వర్తింపు. క్రేన్లు ఆగలేదు, ఓడలు నిలిచిపోలేదు. సమ్మె జరగకుండానే సమ్మె పని చేసింది. ఓడ ఒక రోజు ఖాళీగా నిలబడితే ఎంత ఖర్చవుతుందో దాని యజమానికి, ఏజెంటుకు, రేవుకు ముందే తెలుసు. అందుకే అక్కడ నోటీసు కాగితానికే అంత బరువు.

రేవుల్లో, మిల్లుల్లో ఇంకో పాత రూపం ఉంది, నెమ్మది పని. పనిలోనే ఉంటారు, చేయి మాత్రం ఆడీ ఆడనట్టు ఆడుతుంది. యాజమాన్యాలకు దీనంత కోపం తెప్పించేది మరొకటి లేదు. 1960ల తొలినాళ్లలో భారత్ షుగర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. జీతం పూర్తిగా తీసుకుంటూ ఉత్పత్తిని దెబ్బతీయడం సమ్మె కన్నా హానికరమన్నది కోర్టు భావన. ప్రమాణ స్థాయీ ఉత్తర్వుల్లో కూడా ఇది దుష్ప్రవర్తన కిందికే వస్తుంది. రైల్వేలో వాడుకలో ఉన్న 'వర్క్ టు రూల్' సంగతి వేరు. బ్రేకులు పూర్తిగా పరీక్షించాకే బండి కదపడం, నిబంధనల్లో రాసినదాన్ని అక్షరాలా పాటించడం. నిబంధన పాటించిన పాపానికి శిక్షించడం ఏ అధికారికైనా కష్టం. రోజూ బళ్లు వేళకు నడవడానికి కార్మికులు తమంతట తాము ఎంత కలుపుకుపోతున్నారో అలా పనిచేసే రోజుల్లో బయటపడుతుంది.

రైల్వే అనగానే 1974 సమ్మె ప్రస్తావన రాకతప్పదు. మే 8 నుంచి 27 దాకా 20 రోజులు, సుమారు 17 లక్షల మంది. వేలమంది అరెస్టయ్యారు, క్వార్టర్ల నుంచి కుటుంబాలను బయటికి నెట్టారు. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది మన వి.వి.గిరి. ఒకప్పుడు వాల్తేరు మీదుగా సాగిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కార్మిక సంఘాన్ని నడిపిన మనిషి. కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు కూడా, తగాదాను కోర్టులకు అప్పగించడం కన్నా రెండు పక్షాలు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలని ఆయన పట్టుబట్టారు. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో నెహ్రూ మంత్రివర్గం నుంచి రాజీనామా చేశారు. ఆయన చెప్పిన దారి ఇవాళ్టికీ సరైనదేనని నేను నమ్ముతాను. అయితే ఎదురెదురుగా కూర్చోవాలంటే రెండో పక్షానికి కూడా ఒక కుర్చీ ఉండాలి.

కుర్చీ లేని చోట

పూర్ణా మార్కెట్ కళాసీకి ఆ కుర్చీ లేదు. అతనికి యజమాని ఎవరు? లారీ యజమానా, సరుకు పంపిన కమీషన్ వ్యాపారా, దించుకున్న కొట్టు షావుకారా? పని దొరికేది జట్టు ద్వారా, జట్టుకు పెద్ద మేస్త్రీ. కూలి బస్తా లెక్కన. సాధారణంగా మార్కెట్లలో రెండేళ్లకో మూడేళ్లకో వర్తక సంఘం, కళాసీల సంఘం కూర్చుని కొత్త రేటు మాట్లాడుకుంటాయి. ఆ మాట తెగకపోతే కళాసీకి ఉన్నది ఒక్కటే దారి, బస్తా దించేయడం. నల్లబ్యాడ్జీ పెట్టుకుంటే చూసేవాళ్లు లేరు. నెమ్మదిగా మోస్తే తగ్గేది తన కూలే. మూకుమ్మడి సెలవు పెట్టడానికి అసలు సెలవన్నదే లేదు. మిగతావాళ్లకు అన్నీ అయ్యాక వచ్చే చివరి మెట్టు ఇతనికి మొదటి మెట్టు.

ఆ మెట్టు మీద అతను ఎంతసేపు నిలబడగలడు? పాడైపోయే సరుకు అతని బలం. రేపటి గంజి అతని బలహీనత. రెండు మూడు రోజులు గడిస్తే లారీలు మార్కెట్ బయట ఇంకెక్కడో దింపడం నేర్చుకుంటాయి. అందుకే కళాసీల సమ్మెలు పొట్టివి. తెల్లవారుజామున మొదలై, చాలాసార్లు ఆ పూటలోనే, ఎవరో పెద్దమనిషి మధ్యవర్తిత్వంతో బస్తాకు కొద్దిపాటి పెంపు దగ్గర ముగిసేవి. మార్కెట్ కూలీల బతుకును 1993లో 'ముఠామేస్త్రి' సినిమా తెర మీద చూపించింది. ఊళ్లన్నీ చూశాయి. నిజం మార్కెట్లలో మేస్త్రీకి ఆ సినిమాలో చిరంజీవికి ఉన్నంత బలం లేదు.

ఆశీల వసూళ్ల మీద గొడవ వచ్చినప్పుడు గంప ముందు పెట్టుకుని కూర్చునే చిరువ్యాపారిదీ ఇదే ఇబ్బంది. తట్ట మూస్తే నిరసన, తట్ట మూస్తే పస్తు.

రోజుకూలీ గెలిచిన సమ్మె లేదా అంటే ఉంది. 1889లో లండన్ రేవుల్లో గంటకు ఆరు పెన్నీల కూలి కోసం పని ఆపినవాళ్లు అచ్చం ఇలాంటి కూలీలే. వారాలు గడిచేకొద్దీ ఆకలి కమ్ముకొచ్చింది. అప్పుడు ఆస్ట్రేలియా కార్మికులు, అక్కడి జనం చందాలు వేసి 30,000 పౌండ్లకు పైగా పంపారు. ఆ డబ్బు అందాక యాజమాన్యాలు దిగివచ్చాయి. 1918లో అహ్మదాబాద్ మిల్లు కార్మికులు 35 శాతం పెంపు కోసం నిలబడినప్పుడు గాంధీ బయటి చందాలు వద్దన్నారు. సమ్మె రోజుల్లో వేరే పని చేసుకుని బతకాలని చెప్పి, ఆశ్రమ నిర్మాణంలో ఇసుక మోయించారు. రెండూ ఒకే ప్రశ్నకు రెండు జవాబులు. సమ్మె చేసే ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? విశాఖ సంఘాలు సమ్మె నిధి మీద పెట్టే శ్రద్ధ జెండాల మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా లేదన్నది నా అభిప్రాయం.

కొలిమి ఆపకుండా పోరాటం

ఉక్కు ఫ్యాక్టరీ దగ్గరికి వస్తే లెక్క పూర్తిగా తిరగబడుతుంది.

ఈ ఫ్యాక్టరీ పుట్టుకే ఒక దీక్షతో మొదలైంది. 1966 అక్టోబరులో టి. అమృతరావు విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో కర్మాగారం ప్రకటించారు. 64 ఊళ్ల జనం భూములిచ్చి కదిలిపోయారు. గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు కొలిములు వెలిగాయి.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఆ ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. వేలమంది సంఘటిత కార్మికులు, అన్ని రంగుల జెండాల సంఘాలు. తలుచుకుంటే ఆ రాత్రే ప్లాంటు ఆపగలిగేవాళ్లు. ఆపలేదు. ఫిబ్రవరి 12న కూర్మన్నపాలెం కూడలిలో టెంటు వేసి రిలే నిరాహార దీక్షలకు కూర్చున్నారు. 2023 నవంబరుకు ఆ దీక్షలు 1,000 రోజులు దాటాయి.

ఎందుకు ఆపలేదో తెలియాలంటే ఉక్కు తయారయ్యే తీరు తెలియాలి. బొగ్గును కోకుగా మార్చే బ్యాటరీల లోపల సిలికా ఇటుకలు ఉంటాయి. ఒకసారి వేడెక్కిన బ్యాటరీ ఏళ్ల తరబడి వేడిగానే ఉండాలి. చల్లారితే ఇటుకలు బీటలు వారతాయి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కరిగిన ఇనుము గడ్డకడితే దాన్ని మళ్లీ దారికి తేవడానికి నెలలు పట్టొచ్చు. అందుకే ఉక్కు కార్మికులు సమ్మె చేసిన రోజున కూడా కొలిములను కాచుకునే సిబ్బందిని లోపలికి పంపే ఆనవాయితీ ఉంది. దానికి తోడు, ఈ తగాదా జీతం గురించి కాదు, ఫ్యాక్టరీ బతుకు గురించి. ఉత్పత్తి ఆపితే నష్టం పెరుగుతుంది. నష్టాన్ని చూపించే అమ్ముతామంటున్నారు. అంటే సమ్మె చేస్తే ఎదుటివాడి వాదనకు బలం చేకూర్చినట్టే. పనిచేసే చేతులతో పనిచేస్తూనే, షిఫ్టు దిగాక టెంటులో కూర్చోవడం తప్ప వేరే దారి లేని పోరాటం అది. వేతన ఒప్పందం కోసం 2021 జూన్ 29న ఒక్కరోజు సమ్మె చేశారు. ప్రైవేటీకరణ మీద మాత్రం పాదయాత్రలు, మానవహారాలు, మహాధర్నాలు, రాష్ట్ర బంద్. ఊరిని కలుపుకుని చేసేవి.

ఆ సహనానికి దక్కిందేమిటి అని అడిగేవాళ్లున్నారు. 2024 సెప్టెంబరులో ముడిసరుకు కొరతతో మూడు కొలిముల్లో ఒక్కటే నడిచింది. కార్మికులు ఆపని కొలిములు అలా ఆగాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అదే ఏడాది మే 20న కాంట్రాక్టు కార్మికులు తొలగింపులకు వ్యతిరేకంగా సమ్మెకు దిగారు. ఇక్కడ మళ్లీ అదే తేడా. ఒకే గేటు లోపల పర్మినెంటు కార్మికుడికి దీక్ష, ప్రదర్శన, ఒక్కరోజు సమ్మె అన్నీ అందుబాటులో ఉన్నాయి. గేటుపాసు రద్దయితే రేపే బయట ఉండే కాంట్రాక్టు కార్మికుడు నేరుగా చివరి మెట్టు ఎక్కుతాడు.

రోజుకో బొమ్మ

తెలుగు నేల మీద కనిపించే కొన్ని నిరసన రూపాలు ఏ కార్మిక చట్టం పుస్తకంలోనూ దొరకవు. రోడ్డు మీద వంటావార్పు, భిక్షాటన, మోకాళ్ల మీద నడక, చెవుల్లో పూలు, పొర్లుదండాలు, అంబేడ్కర్ విగ్రహానికి వినతిపత్రం. వీటిని చూసి నవ్వుకునేవాళ్లు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సాగిన ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీల సమ్మెను గుర్తు తెచ్చుకోవాలి. కార్యకర్తకు నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనం. గ్రాట్యుటీ వాళ్లకు వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో చెప్పింది. అది అమలు చేయమన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి. మూతపడిన కేంద్రాల తాళాలను అధికారులు పగలగొట్టించారు. 2024 జనవరి 6న ప్రభుత్వం అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) ప్రయోగించింది.

అంగన్‌వాడీలు పని ఆపితే కొలిమి ఆగదు, ఓడ నిలబడదు, టమాటా కుళ్లదు. పసిపిల్లలకు గుడ్డు, పాలు అందకపోతే నష్టపోయేది పేదింటి తల్లే గానీ ప్రభుత్వం ఖజానా కాదు. ఎదుటివాడి జేబుకు తగలని సమ్మెలో మిగిలేది జనం చూపు ఒక్కటే. జనం చూపు నిలవాలంటే జిల్లా ఎడిషన్‌లో రోజూ ఒక ఫొటో పడాలి. నిన్నటి ధర్నా ఫొటో ఇవాళ పడదు. అందుకని రోజుకో కొత్త బొమ్మ. ఆ రోజుల్లో రోడ్ల మీద కూర్చున్న అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు పత్రికాఫీసులు ఎలా పనిచేస్తాయో బాగా అర్థం చేసుకున్నారు. వాళ్ల పట్టుదల ముందు ఎవరైనా తల వంచాల్సిందే.

అదే డిసెంబరు 26న మున్సిపల్ కార్మికులూ సమ్మెకు దిగి జనవరి రెండో వారం దాకా కొనసాగించారు. వాళ్లకు పొర్లుదండాల అవసరం తక్కువ. చెత్త తనే మాట్లాడుతుంది. కుళ్లిన కూరగాయలు రోజూ పోగుపడే పూర్ణా మార్కెట్‌లాంటి చోట రెండో రోజుకే ముక్కు మూసుకోవాలి.

యాజమాన్యం చేతిలోనూ ఒక ఆయుధం ఉంది, లాకౌట్. ఉత్తరాంధ్ర జనపనార మిల్లులకు అది బాగా తెలుసు. భీమిలి దగ్గర చిట్టివలస మిల్లు 2009లో లాకౌట్‌తో మూతపడింది. నెల్లిమర్లలో 1994లో మిల్లు వివాదం పోలీసు కాల్పులకు దారితీసి కార్మికుల ప్రాణాలు పోయాయి. సమ్మె చేసినవాడికి రేపు మళ్లీ పని ఉందన్న ఆశ ఉంటుంది. లాకౌట్‌లో ఆ ఆశ తాళంచెవి ఎదుటివాడి జేబులో ఉంటుంది.

చట్టం కోసేసిన మెట్లు

మన దేశంలో సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. సమ్మె చేయడం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. తమిళనాడు ప్రభుత్వం ఉద్యోగులను మూకుమ్మడిగా తొలగించిన కేసులో 2003లో మరింత కటువుగా చెప్పింది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో రైల్వే, రేవు వంటి ప్రజోపయోగ సేవలకే సమ్మెకు ముందు నోటీసు తప్పనిసరిగా ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 14 రోజుల నోటీసును అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి చేసింది. సగం మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మె కిందే లెక్క. చట్టవిరుద్ధ సమ్మె చేసిన కార్మికుడికి పాత చట్టంలో జరిమానా 50 రూపాయల దాకా, కొత్త కోడ్‌లో 1,000 నుంచి 10,000 రూపాయల దాకా. నెల జైలు రెండింటిలోనూ ఉంది.

నోటీసు ఇవ్వడం తప్పని నేననను. 2024లో రేవు సమస్య తీరింది నోటీసుతోనే. కానీ మూకుమ్మడి సెలవు అన్నది సమ్మెకు ముందు హెచ్చరికగా వాడుకునే రూపం. దాన్నీ సమ్మెతో కలిపేస్తే, చిన్న హెచ్చరికకూ పెద్ద పోరుకూ శిక్ష ఒకటే అయినప్పుడు, చిన్నదాంతో ఆగాలని ఎవరికి అనిపిస్తుంది? మధ్య మెట్లు తీసేస్తే సంఘటిత కార్మికుడు కూడా మార్కెట్ కళాసీ ఉన్నచోటికే చేరతాడు.

ఆ చోటికి ఇప్పటికే చేరినవాళ్లు కొత్త తరంలో ఉన్నారు. వీపున పెట్టె తగిలించుకుని బీచ్ రోడ్డు మీద పరుగులు తీసే డెలివరీ కుర్రాళ్లు. 2025 డిసెంబరు 25న, 31న దేశవ్యాప్త సమ్మెకు తెలంగాణ గిగ్, ప్లాట్‌ఫామ్ కార్మికుల సంఘం తదితర సంఘాలు పిలుపునిచ్చినప్పుడు వాళ్లు చేయగలిగింది ఫోన్‌లో యాప్ లాగౌట్ కావడం. వాళ్లనూ కంపెనీలు ఉద్యోగులని ఒప్పుకోవు. వాళ్లదీ బస్తా లెక్కలాంటి ఆర్డరు లెక్కే.

కళాసీల కోసం చట్టం లేకపోలేదు. మహారాష్ట్ర 1969లో మాథాడీ, హమాలీ కార్మికుల చట్టం చేసి బోర్డులు పెట్టింది. కూలి బోర్డు ద్వారా చేతికి రావడం, ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, వైద్యం అక్కడ బరువు మోసేవాళ్లకు అలా దక్కాయి. ఆంధ్రప్రదేశ్ కూడా 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల ఉపాధి నియంత్రణ, సంక్షేమ చట్టం చేసింది. చట్టం పేరులోనే ముఠా ఉంది, జట్టు ఉంది. బోర్డు మాత్రం పూర్ణా మార్కెట్ దాకా నడిచిరాలేదు. హమాలీ సంక్షేమ బోర్డు కావాలని సంఘాలు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాయి. జట్టులో ఉన్న ప్రతి పేరునూ కార్మిక శాఖ నమోదు చేయడం, బస్తా రేటు ఒప్పందం కాగితం మీదికి రావడం, వర్తకుడు కట్టే కూలిపై కొంత శాతం ప్రావిడెంట్ ఫండ్‌కూ వైద్యానికీ పక్కన పడటం, రేటు తెగనప్పుడు సహాయ కార్మిక కమిషనర్ రెండు పక్షాలనూ పిలిచి కూర్చోబెట్టడం, ఇవే ఇప్పుడు జరగాల్సినవి. రేవులో ఇదంతా 1948 చట్టంతోనే మొదలైంది. అదే బరువు మోస్తున్న మార్కెట్‌లో మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 1976 నాటి దాన్ని తెరిస్తే చాలు.